గల్ఫ్‌లో చైనా పలుకుబడి: తరచుగా అడిగే ప్రశ్నలు

"గల్ఫ్ మొత్తం చైనా చేతుల్లోకి పోయింది, అమెరికా పని అయిపోయింది" అని కొందరు రాస్తున్నారు. "చైనా సరుకు అమ్ముకోవడం తప్ప అక్కడ చేసేదేమీ లేదు" అని ఇంకొందరు కొట్టిపారేస్తున్నారు. నా ఉద్దేశంలో రెండూ సరికాదు. గల్ఫ్ చమురుకు ఇవాళ అతిపెద్ద కొనుగోలుదారు చైనాయే. ఓడరేవులు, రైళ్లు, సోలార్ పార్కులు కట్టేవాళ్లలోనూ చైనా కంపెనీలు ముందున్నాయి. ఆ ప్రాంతానికి సైనిక కాపలా బాధ్యతను మాత్రం ఇప్పటిదాకా నెత్తిన వేసుకోలేదు. ఈ తేడా తెలిస్తే గల్ఫ్ నుంచి వచ్చే చాలా వార్తలు సులువుగా అర్థమవుతాయి. మన ఇళ్ల నుంచి లక్షలమంది అక్కడ పనిచేస్తున్నారు కాబట్టి తరచుగా ఎదురయ్యే ప్రశ్నలకు వివరంగా జవాబులు రాస్తున్నాను.

గల్ఫ్ అంటే ఇక్కడ ఏయే దేశాలు?

సౌదీ అరేబియా, యూఏఈ, కువైట్, ఖతర్, బహ్రెయిన్, ఒమన్. ఈ ఆరూ కలిసి జీసీసీ (గల్ఫ్ సహకార మండలి) కూటమి. సముద్రానికి అవతలి ఒడ్డున ఇరాన్, ఉత్తరాన ఇరాక్ ఉన్నాయి. ఈ ఎనిమిది దేశాలనూ కలిపి చూడాలి.

చైనాకు గల్ఫ్ చమురు అంత అవసరమా?

ఒకప్పుడు చైనా చమురు అమ్మిన దేశం. 1959లో ఈశాన్య చైనాలోని దాచింగ్ దగ్గర పెద్ద నిక్షేపం దొరికాక తన అవసరాలు తీరగా జపాన్‌కు ఎగుమతి కూడా చేసింది. ఫ్యాక్టరీలు, కార్లు పెరిగి 1993కల్లా అమ్మేదానికంటే కొనేది ఎక్కువైంది. 2017లో అమెరికాను దాటి ప్రపంచంలోనే అత్యధికంగా ముడిచమురు దిగుమతి చేసుకునే దేశం అయింది. 2023లో రోజుకు 1.1 కోట్ల బ్యారెళ్లకు పైగా కొన్నది. అందులో దాదాపు సగం పశ్చిమాసియా నుంచే వచ్చింది.

ఒక్కో దేశాన్నే తీసుకుంటే 2023లో చైనాకు ఎక్కువ చమురు అమ్మింది రష్యా. సౌదీది రెండో స్థానం. ఉక్రెయిన్ యుద్ధం తర్వాత రష్యా తగ్గింపు ధరకు ఇవ్వడంతో వచ్చిన మార్పు ఇది. అయినా గల్ఫ్ దేశాలన్నిటినీ కలిపితే రష్యా దరిదాపుల్లోకి రాదు.

అవసరం ఇటువైపు నుంచే కాదు, అటువైపు నుంచీ ఉంది. ఒమన్ ముడిచమురులో సింహభాగం వెళ్లేది చైనాకే. సౌదీకి, ఇరాక్‌కు, ఇరాన్‌కు కూడా చైనాయే పెద్ద ఖాతా. ఊళ్లో పంటంతా ఒక్క షావుకారే కొంటుంటే అతని మాటకు ఎంత బరువుంటుందో, గల్ఫ్‌లో చైనా మాటకు అంత బరువుంది. అయితే షావుకారుకీ ఆ పంట లేకుండా గడవదు.

ఈ సంబంధం ఎప్పుడు మొదలైంది?

విచిత్రమేమిటంటే, సౌదీతో ఇది చమురుతో కాదు, క్షిపణులతో మొదలైంది. 1980లలో సౌదీకి చైనాతో దౌత్య సంబంధాలే లేవు. తైవాన్‌నే గుర్తించేది. అలాంటి రోజుల్లో చైనా నుంచి డీఎఫ్-3 క్షిపణులను రహస్యంగా కొనుక్కుంది. ఆ సంగతి 1988లో బయటపడి అమెరికాకు తెగ కోపం తెప్పించింది. 1990లో సౌదీ తైవాన్‌ను వదిలి చైనాను గుర్తించింది. 1999లో అప్పటి చైనా అధ్యక్షుడు జియాంగ్ జెమిన్ రియాద్ వెళ్లి చమురు విషయంలో వ్యూహాత్మక భాగస్వామ్యం కుదుర్చుకున్నారు.

2006 జనవరిలో సౌదీ రాజు అబ్దుల్లా చైనాకు వెళ్లారు. సౌదీ రాజు ఒకరు అక్కడ అడుగుపెట్టడం అదే మొదలు. అదే పర్యటనలో ఆయన ఢిల్లీకి వచ్చి మన గణతంత్ర దినోత్సవానికి ముఖ్య అతిథిగా కూర్చున్నారు. రాబోయే రోజుల్లో చమురు కొనేది ఆసియానే అని రియాద్‌కు అప్పటికే స్పష్టంగా తెలుసు.

తర్వాత అమెరికాలో రాతి పొరల నుంచి తీసే షేల్ చమురు పొంగింది. గల్ఫ్ నుంచి ఆ దేశం కొనేది బాగా తగ్గిపోయింది. వాళ్లు వదిలిన చోటును చైనా, ఇండియా, జపాన్, దక్షిణ కొరియా నింపాయి.

చమురు కొనడం తప్ప చైనా అక్కడ ఇంకేం చేస్తోంది?

చాలానే. ముందు చమురు వ్యాపారంలోపలి సంగతి చూద్దాం. ఎర్రసముద్రం ఒడ్డున యాన్బూలో యాస్‌రెఫ్ అనే రిఫైనరీ ఉంది. రోజుకు 4 లక్షల బ్యారెళ్లు శుద్ధి చేస్తుంది. అందులో సౌదీ ప్రభుత్వ చమురు సంస్థ ఆరాంకోకు 62.5 శాతం, చైనా ప్రభుత్వ సంస్థ సైనోపెక్‌కు 37.5 శాతం వాటా. 2016 జనవరిలో చైనా అధ్యక్షుడు షీ జిన్‌పింగ్, సౌదీ రాజు సల్మాన్ కలిసి ప్రారంభించారు. పెట్టుబడి ఎదురు దిశలోనూ వెళ్లింది. 2023లో ఆరాంకో దాదాపు 340 కోట్ల డాలర్లు పెట్టి రోంగ్‌షెంగ్ పెట్రోకెమికల్ అనే చైనా కంపెనీలో 10 శాతం వాటా కొని, దాంతోపాటే రోజుకు 4.8 లక్షల బ్యారెళ్లు సరఫరా చేసే దీర్ఘకాలిక ఒప్పందం రాసుకుంది. ఆ డబ్బుతో ఆరాంకో నిజానికి కొన్నది రేపటి గిరాకీని. ఇది గమనించాల్సిన విషయం.

ఖతర్ గ్యాస్‌ది ఇంకో లెక్క. 2022 నవంబరులో ఖతర్ ఎనర్జీ, సైనోపెక్ 27 ఏళ్ల ఒప్పందం చేసుకున్నాయి, ఏటా 40 లక్షల టన్నుల ఎల్ఎన్‌జీకి (ద్రవంగా మార్చిన సహజవాయువుకు). 2023 జూన్‌లో చైనాకే చెందిన సీఎన్‌పీసీతో అలాంటిదే మరొకటి కుదిరింది. 27 ఏళ్లంటే ఒక తరం. ధరలు ఎలా మారినా అంతకాలం కొంటామని మాట ఇచ్చేవాళ్లు యూరప్‌లో అప్పుడు దొరకలేదు.

ఇరాక్‌లో చైనా పాత్ర మరీ లోతైనది. 2003 యుద్ధం చేసింది అమెరికా. తర్వాత బావుల దగ్గర నిలదొక్కుకున్నది చైనా కంపెనీలు. రుమైలా చమురు క్షేత్రంలో బ్రిటన్ కంపెనీ బీపీతో కలిసి పెట్రోచైనా పనిచేస్తోంది. వెస్ట్ ఖుర్నా-1 క్షేత్రం నుంచి అమెరికా కంపెనీ ఎక్సాన్‌మొబిల్ తప్పుకున్నాక 2024 జనవరి నుంచి అక్కడ ప్రధాన కాంట్రాక్టరూ పెట్రోచైనాయే. లాభం తక్కువగా ఉన్నా, భద్రత సరిగా లేకపోయినా అవి నిలబడ్డాయి. చమురుకు బదులుగా కట్టడాలు అన్న పద్ధతిలో ఇరాక్ 2021 డిసెంబరులో వెయ్యి బడుల నిర్మాణాన్ని చైనా కంపెనీలకు అప్పగించింది.

ఇక చమురుతో సంబంధం లేనివి. మక్కా దగ్గర మినా, అరఫాత్, ముజ్దలిఫాలను కలుపుతూ హజ్ రోజుల్లో నడిచే మెట్రో చైనా రైల్వే కన్‌స్ట్రక్షన్ కంపెనీ కట్టినదే. 2010లో మొదలైంది. హైదరాబాద్ నుంచి హజ్‌కు వెళ్లొచ్చినవాళ్లలో చాలామంది ఎక్కే ఉంటారు. 2022లో ఫుట్‌బాల్ ప్రపంచకప్ ఫైనల్ జరిగిన లుసైల్ స్టేడియాన్ని ఖతర్ కంపెనీతో కలిసి కట్టిందీ అదే సంస్థ. అబుదాబి సోలార్ పార్కుల్లో చైనా సోలార్ కంపెనీ జింకో భాగస్వామి. 5జీ పరికరాల్లో చైనా టెలికాం కంపెనీ హువావే పేరు గల్ఫ్ అంతా వినబడుతుంది.

దుబాయ్‌లో ఉన్న మనవాళ్లకు ఈ ప్రభావాన్ని చూపించడానికి నివేదికలు అక్కర్లేదు, ఇంటర్నేషనల్ సిటీ పక్కన ఉన్న డ్రాగన్ మార్ట్ చాలు. 2004లో తెరిచారు. డ్రాగన్ ఆకారంలో మెలికలు తిరుగుతూ 1.2 కిలోమీటర్ల పొడవున సాగే భవనం. బోల్టులు, టైల్స్, షాండ్లియర్లు, ఆఫీసు కుర్చీలు, పిల్లల సైకిళ్లు వరుసగా దుకాణాల్లో ఉంటాయి. ఒక కొత్త ఫ్లాట్‌కు కావాల్సిన సామానంతా అక్కడే ఏరుకోవచ్చు. చిల్లరగా కొనుక్కునేవాళ్లు ఒకవైపు, ఇరాన్‌కూ ఆఫ్రికా దేశాలకూ సరుకు పంపే టోకు వ్యాపారులు ఇంకోవైపు. చమురు డబ్బు తిరిగి చైనాకు చేరే దారుల్లో ఇదొకటి.

అమెరికా ఆంక్షలున్నా ఇరాన్ చమురు చైనాకు ఎలా చేరుతోంది?

ఇరాన్ ఎగుమతి చేసే ముడిచమురులో దాదాపు 90 శాతం చైనాకే పోతుందని నౌకలను గమనించే సంస్థల అంచనా. చైనా కస్టమ్స్ లెక్కల్లో మాత్రం 2022 మధ్య నుంచి ఇరాన్ పేరే కనబడదు.

దారి ఇలా ఉంటుంది. ఇరాన్ చమురు ఎగుమతి కేంద్రమైన ఖార్గ్ దీవి దగ్గర పాత ట్యాంకర్‌లో చమురు నింపుతారు. ఓడ ఎక్కడుందో చెప్పే సిగ్నల్ పరికరాన్ని మధ్యదారిలో ఆపేస్తారు, లేదా తప్పుడు చోటు చూపిస్తారు. మలేసియా తీరానికి దూరంగా సముద్రంలో రెండు ఓడలను పక్కపక్కన కట్టి, గొట్టాలతో ఒకదాంట్లోంచి ఇంకోదాంట్లోకి చమురు తోడతారు. కాగితాల మీద అది మలేసియా సరుకు అవుతుంది. అందుకే మలేసియా తవ్వేదానికంటే ఎక్కువ చమురు మలేసియా నుంచి వచ్చినట్టు చైనా లెక్కలు చూపిస్తాయి. చివరికి ఆ ఓడ షాండోంగ్ రాష్ట్ర రేవులకు చేరుతుంది. అక్కడ టీపాట్లు అని పిలిచే చిన్న ప్రైవేటు రిఫైనరీలు ఉన్నాయి. వాటికి అమెరికాలో వ్యాపారం లేదు, డాలర్ బ్యాంకులతో పెద్దగా పనిలేదు. కాబట్టి ఆంక్షల భయం తక్కువ, తగ్గింపు ధర మీద ఆశ ఎక్కువ. చెల్లింపులు చైనా కరెన్సీ యువాన్‌లో జరుగుతాయి. పెద్ద ప్రభుత్వ కంపెనీలు ఈ సరుకుకు దూరంగా ఉంటాయి.

2025 మార్చిలో అమెరికా లుచింగ్ పెట్రోకెమికల్ అనే షాండోంగ్ రిఫైనరీపై నేరుగా ఆంక్షలు పెట్టింది. టీపాట్ల జోలికి అలా వెళ్లడం అదే మొదటిసారి. తర్వాత మరికొన్నిటిపైనా పెట్టింది.

ఇందులో ఇరాన్ ప్రజలకు జరిగే నష్టం గురించి ఎవరూ మాట్లాడరు. కొనేవాడు ఒక్కడే అయినప్పుడు ధర అతను చెప్పిందే. వచ్చిన యువాన్లతో కొనగలిగేది ఎక్కువగా చైనా సరుకే. ఇరాన్‌ను చైనా ఆదుకుంటోందన్న మాటలో నిజం ఉంది. అవసరాన్ని వాడుకుంటోందన్న మాటలోనూ అంతే నిజం ఉంది.

చైనా ఇరాన్‌లో 40 వేల కోట్ల డాలర్లు పెడుతోందట కదా?

2021 మార్చి 27న టెహ్రాన్‌లో రెండు దేశాల అప్పటి విదేశాంగ మంత్రులు వాంగ్ యీ, జవాద్ జరీఫ్ 25 ఏళ్ల సహకార ఒప్పందంపై సంతకాలు చేసిన మాట నిజం. ఆ అంకె మాత్రం ప్రభుత్వాలు ప్రకటించింది కాదు. పత్రికల్లో మొదలై నిలిచిపోయింది. ఆ తర్వాత ఇరాన్‌లోకి వచ్చిన చైనా పెట్టుబడి దానికి చాలా దూరంలో ఉంది. చైనా పెట్టుబడులు సౌదీకి, యూఏఈకి, ఇరాక్‌కు ఇంతకంటే ఉత్సాహంగా వెళ్లాయి.

సౌదీ, ఇరాన్‌లను చైనాయే కలిపిందా?

2023 మార్చి 10న బీజింగ్‌లో రాజీ ప్రకటన వచ్చింది. సౌదీ తరఫున ముసాద్ అల్ ఐబాన్, ఇరాన్ తరఫున అలీ షమ్ఖానీ, మధ్యలో వాంగ్ యీ. షియా మతపెద్ద నిమ్ర్ అల్ నిమ్ర్‌కు సౌదీ మరణశిక్ష అమలు చేయడం, టెహ్రాన్‌లో సౌదీ ఎంబసీపై గుంపు దాడి చేయడంతో 2016 జనవరిలో తెగిపోయిన సంబంధాలు ఏడేళ్ల తర్వాత అతికాయి.

పని మొదలుపెట్టింది ఇరాక్, ఒమన్. అంతకు రెండేళ్ల ముందు నుంచి బాగ్దాద్‌లో, మస్కట్‌లో విడతలుగా చర్చలు జరిపించిన ఆ రెండు దేశాలకు దక్కాల్సిన పేరు దక్కలేదు. చైనా చివరి ఘట్టంలో వచ్చింది. అలాగని దాని పాత్రను తీసిపారేయలేం. ఇరాన్‌తో అమెరికాకు దౌత్య సంబంధాలే లేవు. ఇద్దరితోనూ మాట్లాడగలిగి, ఇద్దరి దగ్గరా చమురు కొంటూ, మాట తప్పితే తలదించుకోవాల్సి వస్తుందని ఇద్దరూ భయపడే పెద్దమనిషి కావాలి. ఆ స్థానంలో కూర్చోగలిగింది చైనా ఒక్కటే.

డాలర్ పోయి యువాన్ వస్తుందా? సౌదీ ఒప్పందం 2024లో ముగిసిపోయిందట కదా?

2024 జూన్‌లో ఒక మెసేజ్ తెలుగు వాట్సాప్ గ్రూపుల్లో కూడా తెగ తిరిగింది. చమురును డాలర్లలోనే అమ్మాలని సౌదీ 1974లో చేసుకున్న 50 ఏళ్ల ఒప్పందం గడువు తీరిందని దాని సారాంశం. అది తప్పు. 1974లో అమెరికా, సౌదీల మధ్య ఆర్థిక సహకారం కోసం ఒక ఉమ్మడి కమిషన్ ఏర్పడిన మాట నిజమే. డాలర్‌లోనే అమ్మితీరాలనే 50 ఏళ్ల షరతేదీ అందులో లేదు. లేని ఒప్పందానికి గడువు ఎక్కడిది?

జరిగినవేమిటో చూద్దాం. 2022 డిసెంబరులో రియాద్ వెళ్లిన షీ జిన్‌పింగ్ చమురు, గ్యాస్ చెల్లింపులకు షాంఘై ఎక్స్ఛేంజీని వాడుకుని యువాన్‌లో జరుపుకుందామని గల్ఫ్ నేతలను కోరారు. 2023 మార్చిలో యూఏఈ గ్యాస్ ఒక ఓడ సరుకు షాంఘైలో యువాన్‌లో అమ్ముడైంది. అదే ఏడాది నవంబరులో సౌదీ, చైనా కేంద్ర బ్యాంకులు 5,000 కోట్ల యువాన్ల కరెన్సీ మార్పిడి ఒప్పందం చేసుకున్నాయి. ఇవన్నీ చిన్న అడుగులే.

పెద్ద అడ్డంకి సౌదీ జేబులోనే ఉంది. రియాల్ విలువ 1986 నుంచి డాలర్‌కు 3.75గా కట్టేసి ఉంది. యూఏఈ దిర్హమ్ కూడా డాలర్‌కు ముడిపడినదే. ఆ ముడిని కాపాడాలంటే డాలర్ల నిల్వ ఉండాలి. పైగా యువాన్‌ను ఎప్పుడంటే అప్పుడు, ఎంతంటే అంత దేశం దాటించడానికి చైనా ఒప్పుకోదు. ఆ నిబంధన సడలనంత కాలం యువాన్‌లో భారీగా పొదుపు చేసే సాహసం సౌదీ చేయదని నా అభిప్రాయం. స్థానిక కరెన్సీల ప్రయత్నం మనమూ చేశాం. 2023 ఆగస్టులో ఇండియన్ ఆయిల్ పది లక్షల బ్యారెళ్ల అబుదాబి చమురుకు రూపాయల్లో డబ్బు కట్టింది.

గల్ఫ్‌లో చైనాకు సైనిక స్థావరం ఉందా?

బహిరంగంగా ప్రకటించినది ఏదీ లేదు. విదేశాల్లో చైనా తొలి స్థావరం 2017లో తూర్పు ఆఫ్రికాలోని జిబూటీలో తెరిచారు. అది ఎర్రసముద్రం ముఖద్వారం దగ్గర ఉంది, గల్ఫ్‌లో కాదు. సముద్రపు దొంగలను అడ్డుకోవడానికి 2008 డిసెంబరు నుంచి చైనా యుద్ధనౌకలు ఏడెన్ సింధుశాఖలో తిరుగుతున్నాయి. ఇరాన్, రష్యాలతో కలిసి ఒమన్ సింధుశాఖలో 2019 నుంచి విన్యాసాలు చేస్తున్నాయి.

అబుదాబి ఖలీఫా ఓడరేవు వివాదం మాత్రం వివరంగా తెలుసుకోదగ్గది. అక్కడ చైనా సంస్థ కాస్కో ఒక కంటైనర్ టెర్మినల్ నడుపుతోంది. ఆ రేవు ప్రాంతంలో చైనా రహస్యంగా సైనిక కట్టడం కడుతోందని అమెరికా నిఘా వర్గాలు అనుమానించాయనీ, అమెరికా ఒత్తిడితో పని ఆగిందనీ 2021 నవంబరులో అమెరికా పత్రికలు రాశాయి. అది సైనికపరమైనదని తాము అనుకోలేదని యూఏఈ అంది. ఆ మరుసటి నెలలోనే అమెరికా ఎఫ్-35 యుద్ధ విమానాల కొనుగోలు చర్చలను యూఏఈ నిలిపేసింది. హువావే పరికరాలు, అమెరికా షరతులు కూడా ఆ గొడవలో భాగమే.

ఆయుధాల్లో చైనా వాటా చిన్నది. సాయుధ డ్రోన్లు ఇవ్వడానికి అమెరికా నిరాకరించిన రోజుల్లో సౌదీ, యూఏఈ చైనా వింగ్ లూంగ్ డ్రోన్లు కొన్నాయి. విమానాలు, గగనతల రక్షణ ఇప్పటికీ ప్రధానంగా అమెరికావే.

మరి అక్కడ కాపలా ఎవరిది?

అమెరికాదే. బహ్రెయిన్‌లో ఐదో నౌకాదళం, ఖతర్‌లో అల్ ఉదైద్ వైమానిక స్థావరం, ఇంకా కువైట్‌లో, యూఏఈలో సైన్యం ఉన్నాయి. ఖర్చు అమెరికాది. ఆ దారి వెంట వెళ్లే సరుకులో పెద్ద వాటా చైనాది. ఈ అమరిక చైనాకు బాగా కలిసొచ్చింది.

ఎర్రసముద్రం సంగతే చూడండి. 2023 నవంబరు నుంచి యెమెన్‌లోని హూతీ తిరుగుబాటుదారులు ఓడలపై దాడులు మొదలుపెట్టారు. అమెరికా కూటమి కట్టింది. జిబూటీలో స్థావరం ఉండి, దగ్గర్లో యుద్ధనౌకలు ఉండి కూడా చైనా అందులో చేరలేదు. తన ఓడల జోలికి రావద్దని చెప్పుకుంది. అయినా 2024 మార్చిలో చైనా యాజమాన్యంలోని హువాంగ్ పు ట్యాంకర్ మీద క్షిపణి పడింది. 2025 జూన్‌లో ఇజ్రాయెల్ ఇరాన్‌పై విరుచుకుపడింది, అమెరికా ఫోర్దో అణుకేంద్రంపై బాంబులు వేసింది. చైనా ఖండించింది, ఐరాసలో మాట్లాడింది. 25 ఏళ్ల ఒప్పందం చేసుకున్న మిత్రుడి కోసం అంతకుమించి కదల్లేదు.

అమెరికా గొడుగుకూ చిల్లులు పడ్డాయి. 2019 సెప్టెంబరులో సౌదీలోని అబ్కైక్ చమురు కేంద్రంపై దాడితో సౌదీ ఉత్పత్తి సగానికి సగం పడిపోయినా అమెరికా ఎదురుదాడి చేయలేదు. 2025 సెప్టెంబరు 9న అల్ ఉదైద్ స్థావరమున్న ఖతర్ రాజధాని దోహా మీదే ఇజ్రాయెల్ దాడి చేసింది. ఎనిమిది రోజులకే సౌదీ పాకిస్తాన్‌తో రక్షణ ఒప్పందం రాసుకుంది. పాకిస్తాన్ దిగుమతి చేసుకునే ఆయుధాల్లో అత్యధికం చైనావి. చైనా సైనికుడు ఒక్కడు కూడా రాకుండానే చైనా ఆయుధాలకు గల్ఫ్ రక్షణలో ఒక పక్కదారి తెరుచుకుంది. మన దేశం జాగ్రత్తగా గమనించాల్సింది ఇక్కడ.

గల్ఫ్ పాలకులకు చైనా అంటే ఎందుకంత ఇష్టం?

ఎన్నికలు, పత్రికా స్వేచ్ఛ, ఖైదీల గురించి చైనా ప్రశ్నలు వేయదు. బదులుగా తననూ ఎవరూ అడగకూడదని కోరుకుంటుంది. చైనాలోని షింజియాంగ్‌లో ఉయ్ఘర్ ముస్లింల నిర్బంధం గురించి 2022 అక్టోబరులో ఐరాస మానవ హక్కుల మండలిలో చర్చ పెడదామన్న తీర్మానం 17-19 ఓట్లతో వీగిపోయింది. చర్చ వద్దన్నవాళ్లలో ఖతర్, యూఏఈ ఉన్నాయి. మన దేశం ఓటింగ్‌కు దూరంగా ఉంది. సాటి ముస్లింల మీద జరుగుతున్నదాన్ని కనీసం చర్చకు కూడా రానివ్వకపోవడం నాకు బాధ కలిగించే విషయం. వ్యాపారం ఎంత లోతుకు వెళ్లిందో చెప్పడానికి ఆ ఓటింగ్ ఒక్కటి చాలు.

చైనా అక్కడ ఎప్పుడూ విఫలం కాలేదా?

అయింది. ఇందాక చెప్పిన మక్కా మెట్రోలోనే ఆ కంపెనీకి 400 కోట్ల యువాన్లకు పైగా నష్టం వచ్చింది. ఒమన్‌లోని దుఖ్మ్‌లో 1,070 కోట్ల డాలర్లతో పారిశ్రామిక పార్కు అని 2016లో ఆర్భాటంగా ప్రకటించారు, పని నత్తనడకన సాగింది. జీసీసీతో స్వేచ్ఛా వాణిజ్య ఒప్పందం కోసం చర్చలు 2004లో మొదలై ఇరవై ఏళ్లు దాటినా తెగలేదు. చైనా సరుకు వెల్లువెత్తితే కొత్తగా పెంచుకుంటున్న తమ ఫ్యాక్టరీలు మునిగిపోతాయని సౌదీ భయం. కృత్రిమ మేధలోనైతే అబుదాబి జీ42 సంస్థ చైనా సంబంధాలు తెంచుకోవాల్సి వచ్చింది. 2024 ఏప్రిల్‌లో అందులో మైక్రోసాఫ్ట్ 150 కోట్ల డాలర్లు పెట్టింది. అత్యాధునిక చిప్‌లు అమెరికా చేతిలో ఉన్నంతకాలం ఈ రంగంలో పైచేయి దానిదే.

చైనాలో ఎలక్ట్రిక్ కార్లు పెరిగితే గల్ఫ్ గతి ఏమిటి?

2024లో చైనాలో అమ్ముడైన కొత్త కార్లలో దాదాపు సగం పూర్తిగా బ్యాటరీతో నడిచేవి, లేదా బ్యాటరీతోనూ పెట్రోలుతోనూ నడిచే ప్లగ్-ఇన్ హైబ్రిడ్లు. పెట్రోలు గిరాకీ అక్కడ ఇక పెద్దగా పెరగదు. ఆరాంకో చైనా పెట్రోకెమికల్ కంపెనీల్లో వాటాలు వెతుక్కోవడానికి కారణం ఇదే. కార్లు చమురు తాగడం మానినా ప్లాస్టిక్, సింథటిక్ బట్టలు, ఎరువులకు ముడిసరుకు కావాలి కదా.

ఇందులో భారత్ ఎక్కడుంది?

అనుకున్నదానికంటే మెరుగ్గానే ఉంది. యూఏఈతో సమగ్ర వాణిజ్య ఒప్పందం 2022 మేలో అమల్లోకి వచ్చింది. చైనా ఇరవై ఏళ్లుగా సాధించలేనిదాన్ని మనం ఒక్క దేశంతోనైనా నెలల్లో ముగించాం. ఖతర్‌తో ఏటా 75 లక్షల టన్నుల గ్యాస్ ఒప్పందాన్ని 2024 ఫిబ్రవరిలో 2048 దాకా పొడిగించుకున్నాం. ఇరాన్‌లోని చాబహార్ రేవుకు 2024 మేలో పదేళ్ల ఒప్పందం రాసుకున్నాం గానీ అమెరికా ఆంక్షల టెన్షన్ దాన్ని వదలడం లేదు. 2023 సెప్టెంబరులో ఢిల్లీ జీ20 సదస్సులో ప్రకటించిన భారత్-పశ్చిమాసియా-యూరప్ కారిడార్ గాజా యుద్ధంతో వెనకబడింది.

పెట్టుబడిలో, కట్టడాల్లో చైనాతో మనం సరితూగలేం. మన బలం మనుషులు. జీసీసీ దేశాల్లో దాదాపు 90 లక్షలమంది భారతీయులున్నారు. ఆసుపత్రులు, దుకాణాలు, సైట్లు, ఆఫీసులు వాళ్ల మీదే నడుస్తున్నాయి. ఆ మనుషుల జీతాలు, భద్రత గురించి ఢిల్లీ గట్టిగా మాట్లాడితే మన పలుకుబడి పెరుగుతుందే గానీ తగ్గదు.

చైనా కంపెనీలు వస్తే మనవాళ్ల ఉద్యోగాలు పోతాయా?

జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్ నుంచి, అటు కడప, కోనసీమ నుంచి వెళ్లే కుటుంబాలు ఎక్కువగా అడిగే ప్రశ్న ఇది. చైనా కాంట్రాక్టర్లు ఇంజినీర్లను, ఫోర్‌మన్లను, కొంతవరకు పనివాళ్లను తమ దేశం నుంచే తెచ్చుకుంటారు. కానీ చైనాలో జీతాలు పెరిగాయి. గల్ఫ్ ఎండలో అక్కడి మామూలు జీతానికి రావడానికి చైనా కూలీలు ఇప్పుడు అంతగా ఇష్టపడరు. అందుకే చైనా కంపెనీ బోర్డున్న సైట్లలోనూ ఇండియా, నేపాల్, బంగ్లాదేశ్, పాకిస్తాన్ కార్మికులు ఉంటారు.

అసలు చిక్కు మరోచోట ఉంది. పెద్ద కాంట్రాక్టు చైనా కంపెనీది, దాని కింద సబ్ కాంట్రాక్టరు, అతని కింద మనుషుల్ని పంపే మ్యాన్‌పవర్ సప్లై కంపెనీ. జీతం ఆగితే ఎవరిని అడగాలో తెలియదు. కాబట్టి వెళ్లేముందు వీసా మీద కఫీల్‌గా (స్పాన్సరుగా) ఎవరి పేరుందో, ఒప్పందం ఎవరితోనో చూసుకోండి. ఏజెంటుకు ఈ-మైగ్రేట్ అనే కేంద్ర ప్రభుత్వ వెబ్‌సైట్‌లో రిజిస్ట్రేషన్ ఉందో లేదో చూడండి. ఈసీఆర్ (వలస అనుమతి తప్పనిసరైన) పాస్‌పోర్టు మీద వెళ్లేవాళ్లకు ప్రమాదంలో ప్రాణం పోతే 10 లక్షల బీమా వస్తుంది, కానీ సరైన దారిలో వెళితేనే. విజిట్ వీసా మీద వెళ్లినవాళ్లకు, ఎక్కడైనా పనిచేసుకోవచ్చని చెప్పి అమ్మే ఆజాద్ వీసాకు డబ్బు కట్టి వెళ్లినవాళ్లకు ఆపదలో అండ దొరకడం చాలా కష్టం.

హోర్ముజ్ దారి మూతపడితే మన ఇంటి మీద ఏం ప్రభావం?

ఇరాన్, ఒమన్ మధ్య ఇరుకైన దారి అది. 2024 లెక్క ప్రకారం రోజుకు దాదాపు 2 కోట్ల బ్యారెళ్ల చమురు, ఇంధనాలు దాని గుండా వెళ్లాయి. ప్రపంచం వాడేదాంట్లో ఐదో వంతు. అందులో ఎక్కువ భాగం ఆసియాకే, ముఖ్యంగా చైనాకు, మనకు. చైనా ముందుచూపుతో భారీ నిల్వలు పోగేసింది, రష్యా, కజకిస్తాన్‌ల నుంచి పైప్‌లైన్లూ వేసుకుంది.

మనకు విశాఖపట్నం, మంగళూరు, పాదూరుల్లో రాతిని తొలిచి కట్టిన భూగర్భ నిల్వలున్నాయి. విశాఖలో 13.3 లక్షల టన్నులు, మంగళూరులో 15 లక్షలు, పాదూరులో 25 లక్షల టన్నుల ముడిచమురు పడుతుంది. మూడూ నిండుగా ఉంటే దేశానికి తొమ్మిదిన్నర రోజులు సరిపోతుందని ప్రభుత్వ లెక్క. రిఫైనరీల దగ్గరుండే సరుకు దీనికి అదనం. ముడిచమురుకైతే రష్యా, ఆఫ్రికా, అమెరికా లాంటి వేరే దారులున్నాయి, ధర ఎక్కువైనా దొరుకుతుంది.

వంటగ్యాస్‌ది అలా కాదు. మనం వాడే ఎల్‌పీజీలో సగానికి పైగా దిగుమతే, అందులో అత్యధికం హోర్ముజ్ దాటి రావాల్సిందే. విశాఖలో భూగర్భ ఎల్‌పీజీ గుహ ఉంది గానీ దాని సామర్థ్యం 60 వేల టన్నులే, దేశం వాడకంతో పోలిస్తే ఒక్కరోజుకు కూడా చాలదు. హోర్ముజ్ దగ్గర ఉద్రిక్తత అన్న వార్త వచ్చినప్పుడు అందరం పెట్రోలు ధర చూస్తాం. అంతకంటే ముందు అడగాల్సింది సిలిండర్ గురించి. అలాంటి గుహలు దేశంలో ఇంకా ఎన్ని కడతారో, ఎప్పటికి కడతారో ఎంపీలను, ప్రభుత్వాలను నిలదీయాలి.